కింది అట్టలో ఆఖరి వారం

పరకాల బస్టాండులో డ్రైవరు చాయ్ తాగాడు, కండక్టరు చాయ్ తాగాడు, హన్మకొండలో డీజిలు తాగిన బస్సు ఇప్పుడు బ్రేవుమని తేన్చింది కూడా. ఒక్క రాజలింగమే ఏమీ తాగకుండా, ఒడిలో సంచి పెట్టుకుని, అట్ట, అట్ట, అట్ట అనుకుంటూ కిటికీ పక్కన కూర్చున్నాడు. అట్టే ఆలోచించకు అని సరోజ పొద్దున జనగామలో గుమ్మంలో నిలబడి చెప్పనే చెప్పింది. పెళ్ళాం మాట వినని మొగుడు కాదు రాజలింగం, కానీ అట్ట గురించి అట్టే ఆలోచించకుండా ఉండడం ఎట్లా? భూపాలపల్లి ఇంకా గంట దూరం. ముప్ఫై ఏళ్ళు ఆగినవాడివి, గంట ఆగలేవా అని తనను తానే అడిగాడు. ఆగలేను అని తానే చెప్పాడు. ముప్ఫై ఏళ్ళలో అట్ట ఎక్కడికీ పోలేదు. ఈ గంటలో పోవచ్చు. నిన్న ఫోనులో వనజ టీచరమ్మ అన్నది అదే కదా. "రాజలింగం, నువ్వు కుట్టిన నవల ఒక అట్ట ఊడింది, ఇంకోటి ఊగుతున్నది. ఈడ కుట్టెటోల్లు దొరుకుతలేరు, నువ్వే రావాలె. పాత అట్టలు పారేస్త, కొత్తయి తెచ్చుకో." పారేస్త! "వద్దు టీచరమ్మా!" అని అతను వేసిన కేకకు, షాపులో ఆధార్ కార్డు జిరాక్సు తీయించుకుంటున్న మనిషి ఆధారం తప్పి స్టూలు మీంచి పడబోయాడు. "ఎందుకయ్యా గంత లొల్లి?" అని అటునుంచి టీచరమ్మ. ఎందుకంటే ఏం చెబుతాడు? ఆ రెండు అట్టల్లో కింది అట్ట కడుపులో మీ నవల ఆఖరి వారం ఉంది, దాన్ని అందులో పెట్టి మూసింది నేనే అని ఫోనులో చెప్పే మాటా? "పాత అట్ట గట్టిది టీచరమ్మా, పారేస్తే పాపం తగుల్తది" అన్నాడు. పాపం! ఎవరికి తగలాల్సిన పాపాన్ని ఎవరికి అంటగట్టాడు!

అయినా అంటగట్టడం అంటూ వస్తే ముందు అంటగట్టింది టీచరమ్మే. తొంభై అయిదో సంవత్సరం. రాజలింగానికి ఇరవై ఏడేళ్ళు, మీసం కొత్తది, షాపు కొత్తది, బోర్డు మీద రంగు ఇంకా ఆరలేదు. బడి లైబ్రరీకి పన్నెండు పుస్తకాలు బైండు చేసిచ్చాడు. పదకొండు పుస్తకాలు పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. పన్నెండోది నిఘంటువు, అందులో పదహారు పేజీలు తిరగేసి కుట్టాడు. ‘త’ నుంచి ‘ద’ దాకా మాటలన్నీ తపస్సు చేస్తున్నట్టు తల కింద, కాళ్ళు పైన. కొత్తగా వచ్చిన వనజ టీచరమ్మ ఆ పుస్తకాన్ని దారం కట్టి స్టాఫు గది గుమ్మానికి తోరణంలా వేలాడదీసి, ‘ఇట్ల కుట్టరాదు’ అని చీటీ అంటించి, పిల్లలందరి ముందూ "ఈయన బైండరా, బ్లండరా?" అంది. పిల్లలు నవ్వారు. పిల్లలు ఇళ్ళకు పోయి చెప్పారు, ఇళ్ళు నవ్వాయి. సాయంత్రానికి స్టేషన్ దగ్గర చాయ్ కొట్టతను కూడా "ఏం బ్లండరన్నా, కడక్ చాయా, సాదా చాయా?" అన్నాడు. కుట్టేవాడిని కుట్టిన మాట అది. తేలు కుడితే మందుంది, మాట కుడితే మందు లేదు. ఉన్నా అది మందు దుకాణంలోనే ఉంది, రాజలింగం మందు తాగడు. అందుకని పగ తాగాడు. పగ పట్టినవాడికి పగలంటే ఏముంది, లేస్తే పగ, పళ్ళు తోమితే పగ, దబ్బనంలో దారం ఎక్కించబోతే ఆ సన్నని కన్నంలోంచి కూడా టీచరమ్మే కనపడి నవ్వేది.

రోడ్డు పక్కన పత్తి చేను తెల్లగా, పచ్చగా, లేత గులాబీగా పూసింది. గట్ల మీద తంగేడు. వారం పది రోజుల్లో బతుకమ్మ. పక్క సీటులోకి ఎప్పుడు వచ్చి కూర్చుందో ఒక ముసలమ్మ, ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్టు తీసుకుని, ఆ టికెట్టును కొంగుకు ముడేసుకుంటోంది. ఒళ్ళో గంపెడు గునుగు పువ్వు. ఆ పువ్వు బస్సు కుదిపినప్పుడల్లా రాజలింగం చెవిలో దూరుతోంది. "కొడుకా, జర సర్దుకో. నా పువ్వు నలుగుతది" అంది. నలిగేది తన చెవి కదా అనుకున్నాడు గానీ సర్దుకున్నాడు. ముసలమ్మ పేరు చిలుకమ్మ అట; అడగకుండానే చెప్పింది. రేగొండలో బిడ్డ ఉందట, బిడ్డకు పువ్వు తెమ్మంటే అల్లుడు ప్లాస్టిక్ పువ్వు తెచ్చాడట, అందుకని ఈమే బయలుదేరిందట. చిలుకమ్మ పలుకుతూనే ఉంది, రాజలింగం వింటూనే లేడు.

ఊళ్ళో బైండరు ఒక్కడే అయితే ఒక సుఖం ఉంది, తిట్టినవాళ్ళు కూడా తిరిగి వాడి దగ్గరికే రావాలి. నెల తిరక్కుండానే వచ్చింది టీచరమ్మ, ఒక పాత చీరముక్కలో మూట కట్టుకుని. ఆ రోజుల్లో వారపత్రికలో సీరియల్ వస్తే ఎవరికి వాళ్ళు ఆ పేజీలు కత్తిరించి, పరుపు కిందో పెట్టె అడుగునో దాచి, అయిపోయాక అన్నీ కలిపి బైండు చేయించుకునేవాళ్ళు. సీరియల్‌ని అంత సీరియస్‌గా దాచేవాళ్ళు. టీచరమ్మ మూటలో ఉన్నది ‘నల్లగడి నిట్టూర్పు’, నలభై రెండు వారాల నవల. "ఒక్క అక్షరం చదవలే రాజలింగం. వారం వారం చదివితే పానం కొట్టుకుంటదని కండ్లు మూసుకొని కత్తిరించిన. బైండు అయినంక ఒక్క పెట్టున చదువుత" అంది. ఆ మాటతో రాజలింగం బుర్రలో బల్బు వెలిగింది, నల్ల బల్బు. ఒక్క అక్షరం చదవలేదు. అంటే ముగింపు తెలియదు. మూటలో అడుగున ఉన్న నాలుగు ఆకులే ముగింపు. అవి లేకపోతే?

చింపి పారేయొచ్చు, కాల్చొచ్చు. అది మామూలువాళ్ళు చేసే పని. బైండరు పగ బైండింగులోనే ఉండాలి. అప్పట్లో మంచి దళసరి అట్ట దొరక్క, దొరికినా ధర గిట్టక, చిత్తు కాగితాలు ఒకదాని మీద ఒకటి లై పూసి అతికించి అట్ట తనే తయారు చేసేవాడు. లై అంటే మైదా ఉడికించిన జిగురు. ఇంగ్లీషులో లై అంటే అబద్ధమట, ఆ రోజు రెండూ ఒక్కటే అయ్యాయి. పరీక్ష పేపర్ల చిత్తు, పెళ్ళి పత్రికల చిత్తు, వాటి నడుమ టీచరమ్మ ఆఖరి వారం. పురుగు పట్టకుండా లైలో మైలతుత్తం కూడా చిటికెడు ఎక్కువే వేశాడు. అదేం పగో! చంపేవాడు శవానికి చలి వేస్తుందని దుప్పటి కప్పినట్టు. రెండు అట్టలనూ సన్నెకల్లు కింద బరువు పెట్టి, చేతులు కడుక్కుని, ప్రతీకారం పూర్తి అనుకున్నాడు. ప్రతీకారంలో కారం ఉంటుందని అతనికి తెలుసు. ఆ కారం ఎవరి కంట్లో పడుతుందో తెలియలేదు.

ఎందుకంటే అట్ట ఆరడానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ పేజీలు వరస పెట్టాలి, మడవాలి, కుట్టాలి. నిఘంటువు దెబ్బ తిన్నవాడు కాబట్టి ఒక్కో పేజీ తలా తోకా చూసి కుట్టాలి. చూడడానికి చదవాలి. చదివాడు. మొదటి వారంలోనే దబ్బనం వేలికి గుచ్చుకుంది, అయినా తల ఎత్తలేదు. భూపతి అని ఒకడు, నల్లగడి అనే దొర కోటలో గుర్రాలు కడిగేవాడు. ఒకరోజు దొర అతన్ని కట్టేసి కొరడాతో కొట్టిస్తుంటే, దొర బిడ్డ చంద్రసాని మేడ కిటికీలోంచి చూసి నవ్వింది. కిటికీ! నవ్వు! ఇదెవరి కథరా నాయినా అనుకున్నాడు రాజలింగం. భూపతి దేశాలు పట్టిపోయి, డబ్బు గడించి, ఇరవై ఏళ్ళకు తిరిగొచ్చి, గడిని కొనేశాడు. దొర చచ్చాడు. చంద్రసాని పైగదిలో ఉండిపోయింది. భూపతి ఆమెను ఏమీ అనడు, తిట్టడు, కొట్టడు. ఏడాదికొక కిటికీ ఇటుకలతో మూస్తాడు, అంతే. ఇరవై ఒక్క కిటికీలు. గదుల్లో చీకటి పెరుగుతుంది, గబ్బిలాలు పెరుగుతాయి, భూపతి గడ్డం పెరుగుతుంది. నలభై ఒకటో వారం చివర ఒకే కిటికీ మిగిలింది, ఒకే ఇటుక సందు మిగిలింది. భూపతి చేతిలో ఆఖరి ఇటుక. అప్పుడు లోపలినుంచి ఎవరో నవ్వారు.

ఎవరు నవ్వారు? ఇటుక పెట్టాడా, పెట్టలేదా? రాజలింగం గబగబా కింది పేజీ కోసం చెయ్యి చాపాడు. చేతికి బల్ల తగిలింది. కింది పేజీ లేదు. కింది పేజీ సన్నెకల్లు కింద, రెండు పొరల లై నడుమ, మైలతుత్తం వాసన పీలుస్తూ పడుకుని ఉంది. అప్పుడు నవ్వింది ఎవరో మాత్రం రాజలింగానికి తెలిసింది: సన్నెకల్లు. అట్టలోంచి వచ్చిన హాసం కాబట్టి అది అచ్చమైన అట్టహాసం. తీసి చదువుదామా అంటే తడి అట్ట పొరలు విప్పితే పేస్టు పేస్టు అవుతుంది. ఆరాక విప్పితే ముక్కలు ముక్కలవుతుంది. పూర్తిగా గట్టిపడ్డాక నానబెట్టి విప్పుదామని ఆగితే టీచరమ్మ వచ్చేస్తుంది. వచ్చింది. పుస్తకం తీసుకుపోయింది. ముద్దుగా కుట్టినవ్ రాజలింగం అని కూడా అంది, ఆ ముద్దుకు రాజలింగం ఆ రాత్రి అన్నం ముద్ద ముట్టలేదు.

"ఏమాయె కొడుకా, గట్ల ఉస్సురుమంటవ్? ఎవలన్న సచ్చిండ్రా?" చిలుకమ్మ.

"లేదవ్వా. ఒకామె వస్తువు ముప్ఫై ఏండ్ల కింద దాచిన. ఇయ్యాల ఇయ్యబోతున్న."

"బంగారమా?" చిలుకమ్మ కళ్ళు గునుగు పువ్వంత అయ్యాయి.

"కాదు. కాయితం."

"భూమి కాయితమా? అబ్బో, గది బంగారం కన్న ఎక్కువ."

"కాదవ్వా. కత కాయితం."

చిలుకమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది, కిందినుంచి పైకి చూసింది. ఇంత పెద్ద మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. "కత కాయితం ముప్ఫై ఏండ్లు దాచినవా? నీకు పనీ పాటా లేదా కొడుకా?" అని పకపక నవ్వింది. ముందు సీటులో ఇద్దరు ఆడవాళ్ళు వెనక్కి తిరిగి, సంగతి తెలియకుండానే, బస్సులో నవ్వు టికెట్టు లేకుండా ఎక్కుతుంది కాబట్టి, వాళ్ళూ నవ్వారు. రాజలింగానికి కూడా నవ్వొచ్చింది గానీ మధ్యలో ఆగిపోయింది. పనీ పాటా ఉంది అవ్వా. ముప్ఫై ఏళ్ళుగా నా పని అదే, నా పాటా అదే.

పుస్తకం తీసుకుపోయిన మూడో రోజు టీచరమ్మ తుపానులా వచ్చింది. "ఆఖరి వారం ఏది?" అంది. రాజలింగం మాట తయారుగానే పెట్టుకున్నాడు. "మీరిచ్చినయన్ని కుట్టిన టీచరమ్మా. మీరు చూసే ఇచ్చిండ్రా?" తుపాను ఆగింది. ఆమె గుమ్మంలో నిలబడి, మూట కట్టిన రోజును తలచుకుంటోంది, ముఖంలో కనపడుతోంది, కిటికీ తెరిచి ఉందేమో, ఫ్యాను గాలికి పోయిందేమో అని. తర్వాత ఆమె ఒక మాట అంది. కొడితే బాగుండేది. "నాదే తప్పు రాజలింగం. నీ మీద అనుమానపడ్డ. ఏమనుకోకు." అంతటితో ఊరుకుందా, మరునాడు స్టాఫు గది గుమ్మానికి వేలాడుతున్న నిఘంటువును తీసేసి, దారం విప్పి, మామూలు అల్మారాలో పెట్టిందట. "పదకొండు మంచిగ కుట్టిండు పిల్లలూ, ఒక్కటి తప్పు పోయింది. మీ లెక్కల నోటుబుక్కుల కంటె నయ్యమే" అన్నదట. పిల్లలే వచ్చి చెప్పారు. ముందు తాపం, పశ్చాత్తాపం అని పెద్దలు పేరు ఊరికే పెట్టలేదు. ఆ రెండో తాపం మొదటిదానికంటే ఎక్కువ డిగ్రీలు. జనగామలో బ్లండరన్నా అనేవాడు ఒక్కడూ మిగల్లేదు. ఒక్కడు తప్ప. వాడు రోజూ అద్దంలో కనపడి, సబ్బు నురగలోంచి, ఏం బ్లండరన్నా అనేవాడు.

చెప్పేద్దామని పోలేదా? పోయాడు. ఆమెకు నర్సింహులపేటకు బదిలీ అయింది, ఆ బడికి పోయాడు. గేటు దగ్గరే ఆమె చూసి, "పిల్లలూ, ఇగో చూడుండ్రి, పుస్తకాలకు పానం పోసెటాయన!" అని చెయ్యి పట్టుకుని ఏడో తరగతిలోకి లాక్కుపోయింది. పిల్లలకు నోటుబుక్కు కుట్టడం నేర్పించమంది. నేర్పించాడు. నలభై మంది చప్పట్లు కొట్టారు. చప్పట్లలో ఒప్పుకోలు ఎవరికి వినపడుతుంది? తిరిగొచ్చాడు. తర్వాత ఆమెకు మానుకోట బదిలీ అయింది, అక్కడ స్టేషనులో ఎదురుపడింది. ఊరి పేరు కాగితాల మీద మహబూబాబాద్, నోళ్ళలో మానుకోట. పక్కన కొత్త మొగుడు, పేరు బలరాం, కరెంటు ఆఫీసులో లైన్‌మన్. ఇద్దరూ ఒకే పొట్లంలో పల్లీలు తింటూ, ఏదో మాటకు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతున్నారు. నవ్వుతున్న మనిషిని ఆపి, టీచరమ్మా మీకు ద్రోహం చేశాను అనడమెట్లా? పల్లీలు పెట్టింది, తిన్నాడు, రైలొచ్చింది. ఆమెకు చిట్యాల అయింది, భూపాలపల్లి అయింది. ఇతనికి పెళ్ళయింది, పిల్లలయ్యారు, బైండింగు పోయి జిరాక్సు వచ్చింది, జిరాక్సు పక్కన లామినేషను వచ్చింది, పుస్తకానికి ముక్కుతాడు వేసే స్పైరల్ బైండింగు వచ్చింది. పోనీ అదే వారం పత్రిక ఇంకోటి సంపాదించి ఇద్దామని తిరగని లైబ్రరీ లేదు. ఆ సంచిక దొరికేది, సీరియల్ పేజీలుండేవి కావు. ఊరూరా తనలాంటి బైండరుకు ఇవ్వడానికి ఎవరో ఒకరు శుభ్రంగా కత్తిరించుకుపోయారు! పత్రికా మూతపడింది. లోకంలో ఆ ముగింపు ఒక్క చోటే ఉంది. ఆమె ఇంట్లో, ఆమె అల్మారాలో, ఆమె చేతికి అందేంత దూరంలో. ఆమె ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ముగింపు ఎట్లుంటుందో అని కిటికీలోంచి చూస్తూ కూర్చుని ఉంటుంది, ముగింపు మీద అరచెయ్యి పెట్టుకుని. ఈ బొమ్మ ముప్ఫై ఏళ్ళుగా రాజలింగం అన్నం ముద్ద మధ్యలో కూడా కనపడుతుంది. భూపతి అయినా ఏడాదికొక కిటికీయే మూశాడు. తను ఒక్క రోజులో మొత్తం పుస్తకాన్ని గుడ్డిది చేశాడు.

రేగొండ. చిలుకమ్మ లేచి, గంప నెత్తికెత్తుకుని, నాలుగు గునుగు పువ్వులు తీసి అతని జేబులో రెండు పెన్నుల పక్కన గుచ్చింది. "పో కొడుకా, పోయి ఇచ్చేసిరా. తంతే తన్నిచ్చుకో. ముప్ఫై ఏండ్లు దాచినోనికి రెండు దెబ్బలు ఎక్కువనా?" అంది. "ఎక్కువ కాదవ్వా" అన్నాడు. "గట్టిగ తంతే గునుగు పువ్వు చూపియ్యి. పండుగ పూట అని ఇడిచిపెడ్తది." దిగింది. బస్సు కదిలింది. బొగ్గు లారీలు ఎదురొస్తున్నాయి, తారు రోడ్డు మీద నల్ల దుమ్ము, రెండు పక్కలా తంగేడు పువ్వు ఆ నల్లదుమ్ములోనూ పచ్చగానే ఉంది. ఊడింది ఏ అట్ట? పై అట్ట అయితే ఫరవాలేదు. కింది అట్ట అయితే? అడగలేదేం నిన్న? పాత సామానువాడు వీధిలో కేకేసి ఉంటాడు. వాడికి ఇచ్చేసి ఉంటుంది. లేదు, పారేస్తే పాపం అన్నాను కదా. టీచరమ్మకు పాపం మీద నమ్మకం ఉందా? లెక్కల టీచరు. లెక్కల టీచర్లకు పాపం ఉండదు, శేషమే ఉంటుంది. దొరికితే ఏం చెప్పాలి? ముందు నమస్కారం, తర్వాత నిఘంటువు సంగతి, తర్వాత యవ్వనం, తర్వాత అజ్ఞానం, తర్వాత అట్ట. ఉపన్యాసం వరస పెట్టాడు, మడిచాడు, మనసులోనే కుట్టాడు. భూపాలపల్లి బస్టాండులో దిగి ఆటో ఎక్కేసరికి ఆ కుట్టు మొత్తం ఊడిపోయింది.

ఇంటి వరండాలో బలరాం కుంపటి పెట్టుకుని మక్క కంకులు కాలుస్తున్నాడు. తల నెరిసింది, నవ్వు నెరవలేదు. "రా రా తమ్మీ, కంకి తింటవా? చూడు నీ పనితనం, ముప్ఫై ఏండ్లయినా ఇసురుతే ఫ్యాను లెక్క గాలి!" అని నిప్పుల మీద విసురుతున్నది, చూస్తే, కింది అట్ట. ఒక మూల అప్పటికే గోధుమ రంగుకు తిరిగింది. రాజలింగం చెప్పులు విడవలేదు, నమస్కారం పెట్టలేదు, గద్దలా వచ్చి అట్టను తన్నుకుపోయి గుండెకు హత్తుకున్నాడు.

"అన్నా, ఇది అట్ట కాదే!"

"మరేంది, చాటనా?"

లోపలినుంచి టీచరమ్మ వచ్చింది. కళ్ళద్దాలు వచ్చాయి, జుట్టు తెల్లబడింది, చూపు మాత్రం అదే, పదహారు పేజీలు తిరగబడితే దూరం నుంచే పట్టుకునే చూపు. రాజలింగం ఉపన్యాసం ఏదీ గుర్తు రాలేదు. "టీచరమ్మా, ఆఖరి వారం గాలికి పోలే. గీ అట్టల ఉన్నది. నేనే పెట్టిన. నిఘంటువు ఏలాడగట్టిండ్రని కోపంతోని పెట్టిన. ముప్ఫై ఏండ్లాయె. కొట్టుండ్రి" అని ఒక్క ఊపిరిలో చెప్పి, కళ్ళు మూసుకుని, చెంప ఆమె వైపు తిప్పాడు. కుంపట్లో మక్క గింజ ఒకటి టప్పుమంది. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిస్తే టీచరమ్మ అతని వంక చూడడం లేదు. మొగుడి వంక చూస్తోంది.

"ఆఖరి వారం గీ అట్టల ఉంటే," అంది నిదానంగా, "మానుకోటల నువ్వు చదివిన్నని చెప్పింది ఏంది?"

బలరాం నోటి దగ్గరికి పోయిన కంకి అక్కడే ఆగింది. అప్పుడు వాళ్ళిద్దరి మాటల్లో తెలిసింది రాజలింగానికి. మానుకోట బడిలో కరెంటు తీగ బాగు చేయడానికి వచ్చిన లైన్‌మన్, ఆ టీచరమ్మ కనపడిన ప్రతివాళ్ళనూ నల్లగడి ముగింపు తెలుసా అని అడుగుతోందని విని, నాకు తెలుసు, నేను చదివాను అన్నాడట. లైన్‌మన్ కదా, లైను వేశాడు. రోజుకింత చొప్పున, బడి వదిలే వేళకు, రెండు నెలలు చెప్పాడట.

"నువ్వు గంత బాధపడుతుంటే చూడలేకపోయిన వనజా."

"బాధ చూడలేనోనివి ఒక్క దినంల చెప్పకపోయినవ్?"

"ఒక్క దినంల చెప్తే రెండో దినం నువ్వెందుకొస్తవ్?"

టీచరమ్మ పెదాలు బిగించింది. అది కోపమా, నవ్వా అని ఇద్దరు నేరస్తులూ తేల్చుకోలేక ఒకరినొకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్న మనిషి బొమ్మ రాజలింగం కళ్ళ ముందే చెరిగిపోయింది. ఈమెకు ముగింపు ఉంది! ముప్ఫై ఏళ్ళుగా హాయిగా ఉంది! ఎట్లా ఉందట, అని అతను అడక్కుండానే ఆమె రాజలింగం వైపు తిరిగి చెప్పింది. లోపల నవ్వింది చంద్రసానే. ఇటుక సందులోంచి చూసి, "ఇరవై ఒక్క కిటికీలు మూసినవ్ గని, తలుపు తెరిచే ఉన్నది గదరా పిచ్చి భూపతీ. నేను ఎప్పుడంటె అప్పుడు పోదును. నువ్వెప్పుడు అలసిపోతవో చూద్దామని ఉన్న" అంటుందట. భూపతి తిరిగి చూస్తే గడికి గడియ కూడా లేదట. ఇటుక కింద పెట్టి, తలుపు దాకా నడిచి వస్తాడట. "గిదే ముగింపు అనుకొని, గింత మంచి కత చదివినోడు మంచోడే అయి ఉంటడని పెండ్లి చేసుకున్న" అంది.

"చదివినోనికన్న చెప్పినోడు ఇంకా మంచోడు కాదా?" బలరాం గొణిగాడు.

"నువ్వు ఆగు. రాజలింగం, అట్ట ఇప్పు."

పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు పోసి అట్టను నానబెట్టారు. రాజలింగం వేళ్ళకు పాత పని గుర్తుంది. పొర వెంట పొర, ఊపిరి కూడా గట్టిగా వదలకుండా లేపాడు. ఎవరిదో పెళ్ళి పత్రిక, ఎవరిదో సున్నా వచ్చిన పరీక్ష పేపరు, దాని కింద, లేత నీలం మరకలతో, అక్షరం చెదరకుండా, నాలుగు ఆకులు. పురుగు ముట్టలేదు. మైలతుత్తం మాట నిలబెట్టుకుంది. తువ్వాలు మీద పరిచి, తడి ఆరకముందే టీచరమ్మ గట్టిగా చదివింది. భూపతి ఆఖరి ఇటుక పెట్టేశాడు. పెట్టాక చూస్తే చీకటి అతని వైపే ఉంది. నవ్వింది అతనే, లోపల ఉన్నది అతనే, చంద్రసాని పోయి అప్పటికి పన్నెండేళ్ళయింది. అయ్యో ఏం చేశాను అని భూపతి గోడకేసి తల కొట్టుకుని, అక్కడే ప్రాణం విడిచాడు. నేటికీ ఆ గడిలో అతని నిట్టూర్పు వినపడుతుంది. సమాప్తం.

అయ్యో ఏం చేశాను. ఆ వాక్యం రాజలింగానిదే, రోజూ గడ్డం గీసుకునేటప్పుడు తను అనుకునేదే, ముప్ఫై ఏళ్ళ కిందటే అచ్చు వేసి, తన చేత్తోనే లై పూయించి, తనకే కనపడకుండా దాచారు. టీచరమ్మ కాగితం కింద పెట్టింది.

"సచ్చుడేంది వీడు?" అంది. "ఇరవై ఏండ్లు కిటికీలు మూసుడే గని, ఒక్కపారి తలుపు దిక్కు చూడొద్దా?"

ముందు నవ్వింది ఎవరో తెలియదు. బలరాం కంకి వరండా దాటి దొర్లిపోయింది, టీచరమ్మ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది, రాజలింగం నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాడు, ఏడుస్తూ ఏడుస్తూ, బస్సులో సగంలో ఆగిపోయిన నవ్వు కూడా ఇప్పుడే కలిపి నవ్వాడు. నవ్వులు సద్దుమణిగాక టీచరమ్మ శిక్ష చెప్పింది. ఇద్దరికీ. "గీ నాలుగాకులు ఆరవెట్టి, యాడికెల్లి తీసినవో ఆడనే పెట్టు. కొత్త అట్టల. గట్టిగ. మల్ల ఎవ్వలు తియ్యరాదు. నలభై ఒకటో వారం ఎనుక మా ఇంటి ముగింపు కుట్టాలె. ఏమయ్యా, నోటుబుక్కు తీస్త, నువ్వు చెప్పింది చెప్పినట్టు చెప్పు, రాస్త."

బలరాం నెత్తి గోక్కున్నాడు. "ఎప్పటి ముచ్చట! ఏం చెప్పిన్నో నాకేం యాదికున్నది?"

"నాకున్నది. నేను చెప్త, నువ్వు రాయి."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది, అతను రాయడం మొదలుపెట్టాడు, రాజలింగం వంటింట్లోకి పోయి గిన్నెలో మైదా, నీళ్ళు కలిపి స్టవ్వు మీద పెట్టాడు. లైకి ఒక నియమం ఉంది, చెయ్యి ఆపకుండా తిప్పాలి, ఆపితే ఉండ కడుతుంది. ఇన్నేళ్ళలో అతని లై ఒక్కసారి ఉండ కట్టలేదు. వరండాలోంచి మాట వినపడుతోంది. గడిలో గాలి వీచింది, గబ్బిలాలు లేచాయి. ఉహూ, గట్ల చెప్పలే నేను. చెప్పినవ్, మంగళారం నాడు చెప్పినవ్, ఆ రోజు వాన పడ్డది. వాన పడ్డదా? పడ్డది, నా గొడుగుల నువ్వు నిలవడ్డవ్, రాయి. రాజలింగం గరిటె పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. వెనక స్టవ్వు మీద లై అడుగంటుతున్న వాసన వస్తోంది. వస్తే రానీ. భూపతి చేతిలోని ఇటుకను ఇంకా కింద పెట్టనే లేదు, తలుపు దాకా ఇంకా చాలా దూరం ఉంది.